రేపల్లె సంబంధం, మోషే ధర్మశాస్త్రం

మా మేనత్తకు రేపల్లె సంబంధం వచ్చేనాటికి మా ఇంట్లో ఎవరికీ యేసుప్రభువు మతం గురించి అనుమానాల్లేవు. ఆయన క్రైస్తవుడు. అందులోనూ మాలాగే లూథరన్. తెనాలిలో మా సంఘానికి పెద్ద అయిన తాతయ్య ఈ సంగతి పైకి అనకపోయినా, ఆయన ప్రార్థన చేసే తీరు చూస్తే అలాగే ఉండేది.

ఇది తొంభైల మొదట్లో మాట. అత్త బాపట్లలో టీచరు, రోజూ రైల్లో వెళ్లి వచ్చేది. పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చాడని నాతో మాత్రమే చెప్పింది. సిగ్గుపడి కాదు, తాతయ్యకు తెలిస్తే లోపాలు వెతకడం మొదలుపెడతాడని.

మాటలకు వాళ్లు ఆదివారం వచ్చారు. మేం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. మర్యాదకు లోటు రాకూడదని నాయనమ్మ రొయ్యల ఇగురు చేసింది. అబ్బాయి తండ్రి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కంచం ముందు చేతులు కట్టుకుని, మోషే ధర్మశాస్త్రం ప్రకారం నీళ్లలో రెక్కలూ పొలుసులూ లేనివి తినమండి అన్నాడు. నిరుటినుంచి వాళ్లింట్లో శనివారమే విశ్రాంతి దినమట. ప్రభువు పుట్టింది యూదుడిగా, ఎనిమిదో రోజున సున్నతి పొందింది యూదుడిగా, పస్కా పండగ చేసిందీ యూదుడిగానే. ఆయన్ని నమ్మిన మొదటివాళ్లు కూడా యెరూషలేము దేవాలయానికే వెళ్లేవారు. క్రైస్తవులనే పేరు ఆ తర్వాతెప్పుడో అంతియొకయ పట్టణంలో పడింది.

"ఆయన పాటించింది వదిలేసి, పేరొక్కటే పట్టుకుంటే ఏంటండి లాభం?" అన్నాడు మాస్టారు.

తాతయ్య ఇగురు గిన్నె పక్కకు జరిపి బైబిలు తెప్పించాడు. యూదులు కాని అన్యజనులకు ధర్మశాస్త్రం అక్కర్లేదని ప్రభువు శిష్యులైన అపొస్తలులు ఆనాడే కూర్చుని తేల్చారన్నాడు. మాస్టారు అదే బైబిలు అందుకుని, అలా తేల్చినవాళ్లంతా యూదులు కాదా అని అడిగాడు. రెండు వేల ఏళ్ల నాటి తగువు మా ముందుగదిలో మళ్లీ మొదలైంది. జన్మలో ఒక్క యూదుణ్ణీ చూసి ఎరగని ఇద్దరు పెద్దమనుషులు యూదుల కోసం గొంతులు చించుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. అత్త ముఖం చూశాక ఇద్దరిమీదా ఒళ్లు మండింది.

తాతయ్య షరతు, పిల్ల ఆదివారం చర్చికి వెళ్లాలి. మాస్టారి షరతు, వాళ్లింట శనివారమే. ఎవరూ ఒక మెట్టు దిగలేదు. మాస్టారు కండువా సర్దుకుని లేచాడు. సంబంధం పోయినట్టే. అప్పుడు తాతయ్య, కూతురు తనవైపే మాట్లాడుతుందన్న ధీమాతో, నువ్వే చెప్పమ్మా అన్నాడు.

విశ్రాంతి దినం అంటే ఇంట్లో ఏం చేస్తారండి అని అత్త మాస్టారిని అడిగింది. శుక్రవారం పొద్దుగూకేలోపు అందరం కలిసి వండేసుకుంటామని, శనివారం పొద్దుగూకేదాకా ఇక పొయ్యి వెలిగించమని, ఎవరికి వాళ్లే వడ్డించుకుంటామని ఆయన చెప్పాడు.

మా ఇంట్లో ప్రభువు దినమంటే తెల్లవారకముందే పొయ్యి వెలగాలి. ఆరాధన అయ్యాక పాస్టరుగారు, సంఘపెద్దలు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, అందరి భోజనాలూ మా ఇంట్లోనే. వారమంతా బడిలో నిలబడ్డ మనిషి ఆదివారం వంటింట్లో నిలబడేది.

"అయితే నేను యూదుల్లో కలిసిపోతాను నాన్నా," అంది అత్త.

ఎన్ని వచనాలైనా నోటికొచ్చే తాతయ్య సాయం కోసం నాయనమ్మ వైపు తిరిగాడు. ఆవిడ మాస్టారినే చూస్తూ ఉంది.

"అన్నయ్యగారూ, మీ పద్ధతిలో ముసలాళ్లక్కూడా ఆ రోజు సెలవేనాండి?"