సత్యమ్మ కళ్లు, నా ప్రోగ్రాం

గద్వాల చీర అంచు మీద హంస సరిగ్గా రావాలంటే ముందు అట్టల మీద చిల్లులు సరిగ్గా పడాలి; ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పేది ఆ చిల్లులే. ఆ అట్టలను వరుసగా దారంతో కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తారు. చెన్నయ్య సేటు దుకాణంలో ఆ కుట్టు పని ఇరవై ఏళ్లుగా సత్యమ్మది. ఒక్కో అట్టనూ కిటికీ వెలుగుకు పట్టి చూశాకే సూది దించేది.

చిల్లులు కొట్టే యంత్రాన్ని కంప్యూటర్‌తో నడిపించింది నేను, ఇబ్రహీంని. రేడియోలు బాగుచేసుకుంటూనే, అప్పటి కంప్యూటర్లను నడిపే డాస్ నేర్చుకున్నాను. కంప్యూటర్ వెనకున్న సీరియల్ పోర్టు నుంచి యంత్రానికి ఒక తీగ; ఎక్కడ చిల్లు కొట్టాలో చెప్పే అంకెలు దాని గుండానే పోయేవి. యంత్రం వెనకబడి ఆగమంటే నా ప్రోగ్రాం పోర్టులో తానే చూసుకుని ఆగేది. నాలుగేళ్లలో ఒక్క చిల్లు తప్పలేదు. ఊళ్లో నా అంతటివాడు లేడని గర్వం తలకెక్కింది.

తొంభై ఎనిమిదిలో సేటు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. అందులో డాస్ బదులు విండోస్ ఎన్‌టీ. పాత ప్రోగ్రామునే అందులో వేశాను. రెండో రోజే సత్యమ్మ ఒక అట్ట పట్టుకొచ్చింది.

"తమ్మీ, ఇండ్ల చిల్లులు తక్కువున్నట్టున్నయి. జర చూడు."

"కంప్యూటర్ తప్పు కొడ్తదా అక్కా? నీ పని నువ్వు చూస్కో."

వారం తిరక్కుండానే మెడలు లేని హంసలు దిగాయి. సేటు చీరను నేల మీద పరిచాడు. చుట్టూ నేతగాళ్లు నిలబడ్డారు. నా నోరు ఊరుకోలేదు. "సత్యమ్మక్కకు కండ్లు మసకలైనయి సేటూ. అట్టలు వరుస తప్పి కుట్టింది," అన్నాను. ఆమె చేతిలోని సూదిని అట్టల మీద పెట్టి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనికి రాలేదు.

ఆమె పని మానేశాక వేరేవాళ్లు కుట్టిన అట్టలూ అంతే. తీగ పాడైందని సేటుకు బొంకి, కొత్త కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకం తిరగేశాను. డాస్‌లో ప్రోగ్రాం పోర్టును తానే ముట్టుకోవచ్చు, మన మగ్గం గుంటలో మనం దిగినట్టు. ఎన్‌టీలో అలా కుదరదు, పోర్టు దాని చేతిలో ఉంటుంది. పేరు చెప్పి తెరవమని దాన్నే అడగాలి. యంత్రం ఆగమంటే ఆపమని కూడా దానికే ముందుగా చెప్పాలి. నేను ఏదీ చేయలేదు. యంత్రం ఆగమంటున్నా అంకెలు పోతూనే ఉన్నాయి, కొన్ని దారిలోనే రాలిపోయాయి. వాటి చిల్లులు పడలేదు.

ప్రోగ్రాం దిద్దడానికి రెండు రోజులు పట్టింది. సత్యమ్మ ఇంటి గడప తొక్కడానికి ఐదు నెలలు. అంత సిగ్గుమాలినవాణ్ని నేను.

వెళ్లేసరికి ఆమె అరుగు మీద ఉత్తచేతులతో కూర్చుంది. పక్కన కోడలు సరోజ బియ్యం చెరుగుతోంది.

"తప్పు నాదే అక్కా. నా ప్రోగ్రాముది. నీ కండ్లది కాదు."

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయా? నిజంగనే మసకలొచ్చినయనుకున్న గద తమ్మీ. బియ్యంల రాళ్లు గూడ సరోజతోనే ఏరిపిస్తున్న."

నాకు ఏడుపొచ్చింది. "మాఫ్ చెయ్ అక్కా," అన్నాను.

"నన్ను అన్నది యాడ? దుకాణంల, నలుగురి ముంగల. మాఫీ అడగనీకె మాత్రం నా ఇంటికొచ్చినవా?"

ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది. "నడువ్," అంది.