కాదు గెథిన్

వేల్స్ కొండల్లోని మా ఊళ్లో సగంమంది ఇంటిపేరు రాబర్ట్సే. అందుకని పనిని బట్టో, చేసిన వెధవపనిని బట్టో పేరుకు ముందొక మాట తగిలిస్తాం. మాంసం కొట్టేవాడు మాంసం హివెల్. గెథిన్ రాబర్ట్స్ మాత్రం ఓడ గెథిన్. చిన్నప్పుడు చర్చివాళ్లు సముద్రం చూపించడానికి తీసుకెళితే, ఒడ్డుకు కట్టేసిన పడవలోంచి నీళ్లలో పడ్డాడు. ఓడలతో అతని సంబంధం అంతటితో సరి.

పెద్దయ్యాక క్వారీలో కూర్చుని, ఉలితో రాయిని ఇంటికప్పు పలకలుగా చీల్చేవాడు. వాళ్ల నాన్నదీ అదే విద్య. కానీ గెథిన్ జనన పత్రంలో ఎవడో తలమాసినవాడు తండ్రి వృత్తి 'కూలీ' అని రాశాడు. ముసలాయనకు పోయేదాకా ఆ మాట మింగుడుపడలేదు. అందుకే కూతురు మారెద్ పుట్టగానే, దీని కాగితంలోనైనా నా పని సరిగ్గా ఉండాలని గెథిన్ పట్టుపట్టాడు.

జననాలు రాసుకునే రిజిస్ట్రారు ఇద్వల్ అతని సొంత మేనమామ.

"నా వృత్తి రాయాలిగా మావయ్యా, అదేంటంటే..."

"నీ సంగతి నాకు చెప్పొస్తావేంట్రా? ఉయ్యాల్లో చూసినోణ్ణి!" అంటూ ఇద్వల్ రాసి చేతిలో పెట్టాడు.

ఇంటి దగ్గర భార్య లోరి చదివింది. తండ్రి వృత్తి: నావికుడు.

"ఇన్నాళ్లూ క్వారీకని చెప్పి ఎక్కడికి పోతున్నావయ్యా?"

గెథిన్ వెనక్కి పరిగెత్తాడు. ఇద్వల్ చలించలేదు.

"ఊరంతా ఓడ అంటుంటే నేను రాయి అని రాయమంటావా? నావికుడివి కాదని ఇద్దరు పెద్దమనుషుల చేత ప్రమాణం చేయించు."

గెథిన్ పాస్టరుగారినీ హివెల్‌నీ తీసుకొచ్చాడు.

"ఇతను ఎప్పుడైనా సముద్రంలోకి వెళ్లాడా?" అని ఇద్వల్ అడిగాడు.

పాస్టరుగారు అబద్ధమాడలేరు. "ఒకసారి వెళ్లాడు."

"చూశావట్రా!"

"తలకిందులుగా వెళ్లాడండీ. కాలు పట్టి లాగింది నేనే" అన్నారు పాస్టరుగారు.

"లాగినప్పుడు నావికుడిలా ఉన్నాడా?"

"తడిసిన పిల్లిలా ఉన్నాడు, నేనూ చూశాగా" అన్నాడు హివెల్.

చివరికి ఇద్వల్ పక్కన సవరణ రాశాడు: నావికుడు కాదు, పలకలు చీల్చే పనివాడు. అది చూసి గెథిన్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. హివెల్ తన దుకాణంలో ఆ సవరణను అందరికీ వినిపించాడు, మొదటి సగం మాత్రమే. సాయంత్రానికల్లా ఓడ గెథిన్ కాస్తా కాదు గెథిన్ అయిపోయాడు. ఏం కాడో చెప్పే పేరు మనిషికెవరైనా పెడతారా? మా ఊరివాళ్లు పెడతారు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

మారెద్‌ను బళ్లో వేసిన రోజు కొత్తగా వచ్చిన టీచరమ్మ అడిగింది.

"ఎవరమ్మాయివమ్మా?"

"కాదు గెథిన్ కూతుర్నండీ."

"గెథిన్ కాదా? మరి మీ నాన్నెవరు?"

పిల్ల బిక్కమొహం వేసి గుమ్మం వైపు చూసింది. అక్కడ గెథిన్ టోపీ నలుపుకుంటూ, తల దించుకుని నిలబడ్డాడు. మారెద్ వేలు పైకెత్తింది.

"ఈ బడి కప్పు పలకలు చీల్చాడే, ఆయనండీ."

టీచరమ్మ తలెత్తి చూసింది. బయట వాన దంచికొడుతోంది. లోపల ఒక్క చుక్క కూడా కారడం లేదు.