మార్లా పాట కోరిన్ పాడిన వేసవి

మార్లా నొవిట్స్కీ మిల్వాకీ నగరంలో సిటీ బస్సు నడిపేది. గొంతు పెద్దది. చివరి సీట్లో కునుకు తీసేవాడికి కూడా మైకు అక్కర్లేకుండా స్టాపు పేరు వినిపించేది. ఆ గొంతు పట్టుకునే ఆమె వయసులో ఉన్నప్పుడు ఆడవాళ్ల బృందగానంలో చేరింది. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, ఇంట్లో ఆ మాట చెప్పుకోలేని రోజుల్లో, కలిసి పాడుకోవడానికి పెట్టుకున్న బృందం అది. మంగళవారం సాయంత్రాలు ఒక చర్చి కింది హాల్లో మడత కుర్చీలు వేసుకుని సాధన చేసేవారు. పియానో వాయించే గ్రేటాను మార్లా అక్కడే చూసింది, అక్కడే మనసిచ్చింది, చట్టం ఒప్పుకున్నాక మొదటి వారంలోనే పెళ్లాడింది.

ఆ బృందం వేదికల మీద పాడింది తక్కువ. ఆసుపత్రి వార్డుల్లో, కోర్టు మెట్ల మీద, ఎవరూ రాని చావుల దగ్గర ఎక్కువ పాడింది. ఎయిడ్స్ రోజుల్లో మగవాళ్లను ప్రేమించే కుర్రాళ్లు వరసగా పోతుంటే, సొంత అన్నదమ్ములు మొహం చాటేసిన చోట ఈ ఆడవాళ్లు వెళ్లి నిలబడేవారు. తొంభై మూడులో అదే జబ్బుతో బెవ్ తమ్ముడు డానీ పోయాడు. బెవ్ బృందంలో మార్లా పక్కనే నిలబడే మనిషి. ఖననం రోజున రోడ్డు అవతల ఒక చర్చివాళ్లు రాతలు రాసిన అట్టలు పట్టుకుని, డానీ నరకానికి పోయాడని కేకలు పెట్టారు. ఆ కేకలు బెవ్ చెవిన పడకుండా బృందమంతా రోడ్డుకు వీపు పెట్టి గోడలా నిలబడింది. ‘తీపి నీళ్ల ఒడ్డున’ అనే పాట ఎత్తుకుంది. నిర్వాహకురాలు హారియెట్ సొంతంగా కట్టిన పాట. దాని మొదటి చరణం ఒక్క గొంతు పాడాలి. ఆ గొంతు మార్లాది. వెనక్కి తిరగొద్దని హారియెట్ గట్టిగా చెప్పినా, చరణం అయ్యాక మార్లా ఒక్కసారి తిరిగి చూసింది. అట్ట పట్టుకున్న ఒక అమ్మాయి, నుదుటి మీద జుట్టులో బెత్తెడు తెల్లపాయ, ఆమెనే చూస్తోంది. మార్లా నాలుక బయటపెట్టి వెక్కిరించి మళ్లీ ఇటు తిరిగింది.

ఆ రోజు నుంచి ఆ పాట మార్లా పాట. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఎవరూ అడగనూ లేదు.

కోరిన్ వచ్చే వరకు.

కోరిన్ వోగల్‌కు నలభై దాటాయి. పళ్ల డాక్టరు దగ్గర పని. తొలిరోజే హారియెట్ ఆమెతో నాలుగు స్వరాలు పాడించింది, హాలంతా సద్దుమణిగింది. మార్లా పక్కనున్న బెవ్‌తో, “బాగానే ఉంది, కాస్త సన్నం,” అంది. సన్నం కాదు. అది మార్లాకూ తెలుసు. ఎక్కడా ఒరుసుకోకుండా పైకి వెళ్లి, అక్కడ తీరిగ్గా నిలబడగల గొంతు అది. తనకు ఆ మెట్టు అందక ఏళ్లయింది. అందినట్టు మొహం పెట్టి కిందనుంచి నెట్టుకొస్తోంది.

గొంతు సంగతి ఎలాగో మింగేది. మింగుడుపడనిది గ్రేటా. కోరిన్ ఊపిరి తీసుకునే చోట గ్రేటా వేళ్లు పియానో మీద ఆగేవి. మార్లాకోసం ఆ వేళ్లు ఏనాడూ ఆగలేదు. “నేను నీకోసం ఆగను, నువ్వే పరిగెత్తుకు రా,” అనేది గ్రేటా, నవ్వుతూ. అది ముద్దనుకుంది మార్లా ఇన్నాళ్లూ. ఇప్పుడు కాఫీ తాగుతూ “కోరిన్ ఏమందో తెలుసా”, బట్టలు మడత పెడుతూ “కోరిన్‌కి వినిపించాలి ఇది”. ఆ పేరు విన్నప్పుడల్లా మార్లాకు ఒళ్లు మండేది. బస్సు నడుపుతూ కూడా అదే ఆలోచన. ఒకసారి స్టాపు దాటించేసింది. ఒక ముసలాయన దిగుతూ, “నిద్రపోతున్నావా తల్లీ?” అని అడిగాడు.

“మీ ఇద్దరి మధ్యా ఏమిటే సంగతి?” అని ఒక ఆదివారం గ్రేటాను అడిగేసింది.

“నీకు నిజంగా కావాలా జవాబు, లేక పోట్లాట కావాలా?”

“జవాబు.”

“సంగతి ఏంలేదు. తను పాడుతుంటే వాయించడం హాయిగా ఉంటుంది.”

సంగతి ఉందని చెప్పినా మార్లాకు ఇంత కోపం వచ్చేది కాదు.

మార్చిలో ఒక మంగళవారం కోరిన్ కొత్తగా జుట్టు కత్తిరించుకుని వచ్చింది. నుదుటి మీద తెల్లపాయ. “పుట్టుకతో ఉంది ఇది. రంగేసి దాచేదాన్ని. ఇక దాచదలచుకోలేదు,” అంది. అందరూ బాగుందన్నారు. మార్లా చేతిలోని పాటకాగితం జారి కింద పడింది. వంగి తీసుకుంటూ లోపల లెక్కవేసుకుంది. అదే అమ్మాయి. సందేహం లేదు. అప్పుడు ఆమెకు కలిగింది కోపం కాదు. పండక్కి కొనుక్కున్న మిఠాయిని జేబులో తడుముకున్నట్టు ఒక సంతోషం. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు.

మే నెలలో కబురొచ్చింది. ఆ చెడ్డరోజుల్లో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయిని సరస్సు ఒడ్డున నిలబెడుతున్నారు. డానీ పేరూ ఉంది. నగరం తరఫున ఈ బృందమే పాడాలట. హారియెట్ కాగితాలు పంచి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, “‘తీపి నీళ్లు’ మొదటి చరణం ఈసారి కోరిన్ పాడుతుంది. మార్లా, నువ్వు నాకు మంద్రంగా పాడే కింది గొంతుల్లో కావాలి,” అంది.

మార్లా గ్రేటా వైపు చూసింది. గ్రేటా తల ఎత్తలేదు. ముందే తెలుసన్నమాట.

“పాడించండి, పాడించండి,” అంది మార్లా లేచి నిలబడి. “డానీని పూడ్చిన రోజు కూడా వచ్చిందిగా ఈవిడ. రోడ్డు అవతల. అట్ట పట్టుకుని. అడగండి.”

కోరిన్ ముఖం ఆమె జుట్టుపాయంత తెల్లగా అయింది. కానీ చూపు తిప్పుకోలేదు.

“నిజమే. నాకు పదహారేళ్లు. అట్ట మా నాన్న రాసింది, పట్టుకున్నది నేను. మీరే కదా నన్ను చూసి నాలుక బయటపెట్టింది?”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కోరిన్ బెవ్ వైపు తిరిగింది. “వచ్చిన రోజే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు.”

బెవ్ కోటు కూడా తీసుకోకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

మార్లా ఆ కోటు పట్టుకుని మర్నాడు బెవ్ ఇంటికి వెళ్లింది. తన వైపే మాట్లాడుతుందనుకుంది. బెవ్ తలుపు తీసి కోటు తీసుకుంది గానీ, లోపలికి రమ్మనలేదు.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“మార్చిలో. జుట్టు చూశాక.”

“ఇప్పుడు మే. ఇన్నాళ్లూ నా భుజం ఆనుకుని నిలబడి పాడావు, చెప్పలేదు. పాట దానికిచ్చిన రోజున చెప్పావు.” బెవ్ గొంతు హెచ్చలేదు. “మార్లా, మా తమ్ముణ్ణి రాయిలా విసిరావు నువ్వు. అది పట్టుకున్న అట్ట కన్నా నాకిది ఎక్కువ తగిలింది.”

నీకోసమే చెప్పానని మార్లా అనబోయి మానుకుంది. “కుళ్లే బెవ్. నాకోసమే చెప్పాను,” అంది చివరికి.

“అది తెలుసులే,” అని బెవ్ తలుపు వేసుకుంది.

ఆ తర్వాత జరిగింది మార్లాకు గ్రేటా ద్వారా తెలిసింది, అదీ ముక్తసరిగా. బెవ్‌కు వీధి మూల మీద చిన్న బారు ఉంది. శుక్రవారం చేపలు వేయిస్తే జనం బయటిదాకా నిలబడతారు. ఆ శుక్రవారం కోరిన్‌ను వంటింట్లోకి పిలిచింది. అట్ట మీద ఏం రాసుందో చెప్పమంది. కోరిన్ చెప్పింది, ఒక్క మాట వదలకుండా. బెవ్ విని, పిండిగిన్నె ఆమె ముందుకు తోసి, “చేపలు ముంచు. జనం ఎదురుచూస్తున్నారు,” అంది. మూసే వేళదాకా ఇద్దరూ పనిచేశారు. క్షమించానని బెవ్ అనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు. పాట మాత్రం కోరిన్ పాడాలనే హారియెట్‌కు ఫోన్ చేసింది.

ఇది విన్న మార్లాకు సిగ్గుతో పాటు మళ్లీ అదే మంట. బెవ్ తన వంటింట్లోకి మార్లాను ఎన్నడూ రానివ్వలేదు. “నీ చేతులు బస్సు స్టీరింగుకే బాగుంటాయి,” అనేది.

జూన్‌లో రాయి నిలబెట్టారు, పక్కనే గ్రేటాకు పియానో పెట్టారు. గాలి చల్లగా ఉంది. మార్లా మానేద్దామనుకుని కూడా నల్లబట్టలు వేసుకుని వచ్చింది. రోడ్డు పక్కన నలుగురైదుగురు ఇంకా అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఒకడి చేతిలో కొమ్ముబూర ఉంది. కోరిన్ ముందుకు వచ్చి ఎత్తుకుంది. మార్లా ఆ పై మెట్టు కోసం కాచుకుంది. అక్కడ జీరపోవాలని, కొంచెమైనా జీరపోవాలని కోరుకుంది. పోలేదు. స్వరం వెళ్లి నీళ్ల మీద నిలబడింది. గ్రేటా వేళ్లు ఆగి, ఆ ఊపిరి పూర్తయ్యాక కదిలాయి.

సరిగ్గా అప్పుడు బూర మోగింది. కోరిన్ భుజాలు ఒక్కసారి అదిరాయి. తర్వాతి పంక్తి కింది గొంతులది. మార్లా కడుపులోంచి తీసి అందుకుంది, చివరి సీటుదాకా వినిపించే గొంతుతో. కోరిన్‌కోసం కాదు. రాయి ముందు, పోయినవాళ్ల కుటుంబాలతో కూర్చున్న బెవ్ వైపే చూస్తూ పాడింది. బెవ్ కూడా ఆమెను చూసింది. నవ్వలేదు గానీ చూపు తిప్పుకోలేదు. బూర ఊదినవాడు రెండుసార్లు ఊది మానేశాడు.

అంతా అయ్యాక కోరిన్ దగ్గరికొచ్చి, “మీరు అందుకోకపోతే నేను ఆగిపోయేదాన్ని,” అంది.

“పంక్తి మాదే. అందుకోక ఏం చేస్తాం,” అంది మార్లా. అంతకంటే తీపిమాట ఆమె నోట రాలేదు.

ఇంటికి వెళ్తుంటే కారు మార్లా నడిపింది, గ్రేటా పక్కన కూర్చుంది. రెండు సిగ్నళ్లు దాటి మూడోదాని దగ్గర ఆగారు.

“నాకన్నా బాగా పాడింది కదూ?” అని అడిగింది మార్లా.

“ఆ. బాగా పాడింది.”

“ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయింది?”

“నువ్వు చేసే మాంసం రొట్టె బాగుందని ముప్పై ఏళ్లుగా అబద్ధం చెప్తూనే ఉన్నాను. ఇంకొకటి మోయలేను,” అంది గ్రేటా.

పచ్చదీపం పడింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా మార్లా బండి కదల్చలేదు.