చిటికెన వేలంత మోతాదు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అరకు ఘాటు దిగగానే వచ్చే ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రిలో నేను సీటీ స్కాన్ తీసేవాణ్ణి. నా ఫోటోలు అద్దంలా ఉంటాయని పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. మిషను బిగించిన ఇంజినీరు కిరణాల మోతాదు ఎంత పెట్టి వెళ్ళాడో, బల్ల మీద ఎవరు పడుకున్నా అంతే. మారిస్తే బొమ్మ పాడవుతుందని భయం, ఆపైన కాస్త బద్ధకం.

ఒక సంత రోజు పొద్దున్నే జీపు వచ్చి ఆగింది. ఐదేళ్ళ పాప జీపు వెనక మెట్టు మీంచి జారి రోడ్డు మీద పడిందట, రెండు వాంతులయ్యాయట. తలలో రక్తం చేరిందేమో చూడమని డాక్టరుగారు నా దగ్గరికి పంపారు. పాపతోపాటు జీపంతా దిగింది. పసుపు మూటలు, చింతపండు గంపలు, మూడు కోళ్ళు. ఒకరికి దెబ్బ తగిలితే మిగతావాళ్ళు సంతకి పోవడం వాళ్ళలో లేదు. అందర్నీ గది బయటికి పంపేసరికి నా గొంతు బొంగురుపోయింది. పాప మామ్మ మాత్రం కదల్లేదు.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

"తల లోపల ఫోటో తీస్తాను మామ్మా. కిరణాలు పోతాయి. నొప్పుండదు."

"నాకు తీసినా అన్నే పోతాయా?"

"అన్నే."

"అదేటి? మా ఊరి గురువు సెట్టు ఏరు మందు ఇచ్చినప్పుడు, సిన్న గుంటైతే దాని సిటికెన ఏలు పట్టుకుని సూత్తాడు. అంతే ముక్క కోత్తాడు. నాకైతే నా ఏలంత. నీ మిసను మనిషిని సూడదేటి?"

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నవాడికి ఈవిడ చెప్పడమేమిటి? కానీ బటన్ మీదకి పోయిన చెయ్యి ఆగిపోయింది. లేత ఒంటికి కిరణాలు ఎక్కువైతే పెద్దయ్యాక క్యాన్సరు రావచ్చని, పిల్లలకు మోతాదు తగ్గించాలని కోర్సులో మాస్టారు చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. మార్కులు వచ్చాక మర్చిపోయాను.

పక్క గదిలో ఉన్న డాక్టరుగారిని, సగానికి తగ్గించనా అని అడిగాను.

"తగ్గించు. కానీ బొమ్మ తెలియకపోతే మళ్ళీ తియ్యాలి. అప్పుడు రెండూ కలిసి మొదటంతే అవుతాయి, పాపకి మిగిల్చిందేమీ ఉండదు," అన్నారు.

మామ్మకి కిరణాలు ఆపే బరువైన సీసం కోటు తొడిగి, పాప పక్కన నిలబెట్టాను. "ఇది ఏసుకుని కొండెక్కమంటే నా వల్ల కాదు బాబూ," అందావిడ. పాప నవ్వబోయింది. తల కదిలితే మొత్తం మళ్ళీ మొదలు. ఇద్దర్నీ బతిమాలి ఊరుకోబెట్టాను.

ఫిలిం వచ్చింది. నా చేత్తో అంత వికారమైన ఫోటో ఎన్నడూ తీయలేదు. ఇసక చల్లినట్టు అంతా చుక్కలే. సిగ్గుపడుతూ ఇచ్చాను. డాక్టరుగారు దాన్ని లైటు పెట్టెకి తగిలించి చాలాసేపు చూశారు.

"రక్తం లేదు. బాగానే తెలుస్తోంది. ఇంకోటి అక్కర్లేదు."

పాపని సాయంత్రం దాకా ఉంచమన్నారు. జీపు జనం వరండాలోనే కూర్చుని, చింతపండు మా నర్సులకు అమ్మేసి, కోళ్ళకి బేరం మొదలెట్టారు. ఆసుపత్రిలో అంత సందడి నేను మళ్ళీ చూడలేదు. ఆ హుషారులోనే పిల్లల మోతాదు ఒక కాగితం మీద రాసి మిషనుకి అతికించాను.

అతికించి వెనక్కి తిరిగాక, అంతకుముందు ఆ బల్ల మీద పడుకుని పెద్దవాళ్ళంత మోతాదు తీసుకున్న పిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు ఎవరూ మామ్మలా నన్నేమీ అడగలేదు. అడగాల్సినవాణ్ణి నేనే.