ఎత్తు బండి, ఎక్కే బండి

ఇప్పుడంటే బండి కొనడం గురించి ఎవరైనా సలహా అడిగితే టైర్లూ ఇంజనూ అంటూ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను గానీ, ఆ వయసులో నాకు బండికి ఒకటే కొలత, ఎత్తు. మా కడప జిల్లాలో తెల్లటి ఎత్తు బండి ఒకటి రోడ్డు మీద వస్తోందంటే టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్లు లోపల ఎవరున్నారో చూడకుండానే సగం లేస్తారు. (మిగతా సగం లేవడం లోపలున్న మనిషిని బట్టి ఉంటుంది.) జమ్మలమడుగులో ఎలిమెంటరీ బడి పంతులుగా కొత్తగా కుదురుకున్న నాకు, నన్ను చూసి ఎవరైనా ఆ సగమైనా లేవాలని చచ్చేంత కోరిక. బళ్లో పిల్లలు లేచేవాళ్లు, నిజమే. కానీ వాళ్లు బెల్లు కొట్టినా లేస్తారు.

అప్పటికి మాకున్నది ఒక మోటారుసైకిలు. ఆదివారం చర్చికి పోవాలంటే ట్యాంకు మీద మూడేళ్ల కూతురు, వెనక మా ఆవిడ, ఆ వెనకాల ఆటోలో అమ్మ, అమ్మ ఒళ్లో బైబిలూ, మా అందరి గొడుగులూ. రెండో కాన్పుకు మా ఆవిడకు ఏడో నెల రావడంతో ఇక నాలుగు చక్రాలు తప్పవని ఇంట్లో తీర్మానమైంది. సరిగ్గా అప్పుడే ఇంకో సంగతి వచ్చి పడింది. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, కువైట్‌లో డ్రైవరు. ఆ ఏప్రిల్ మొదట్లో మరదలికి కూడా అక్కడే ఒక ఇంట్లో పని కుదిరి, ఇద్దరు పిల్లల్ని లింగాలలో తన నాన్న, అంటే మా మామ దగ్గర వదిలి విమానమెక్కింది. పిల్ల రెండో తరగతి చదువుతోంది, పిల్లోడికి నాలుగేళ్లు. ఆయన చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, కళ్లలో పెట్టుకుని చూసుకోగలడు గానీ, అత్త పోయాక ఒంటరి మనిషి, జడలు వేయడం, పాలబువ్వ కలపడం ఆయన వల్ల కాదు. అందుకని పెద్దవాళ్లంతా కూర్చుని, బడులు తెరిచే లోపల పిల్ల మా ఇంటికీ, పిల్లోడు తాడిపత్రిలో మేనత్త ఇంటికీ పోయేట్టు మాట్లాడేశారు. ఇద్దరినీ ఒకే ఇంటి మీద వేస్తే బరువన్నారు. మా ఆవిడ ఆ రోజు తలవంచుకుని కొంగు అంచు మడతపెడుతూ కూర్చుందే తప్ప కాదనలేదు. కడుపులో ఒకరిని, చంకలో ఒకరిని పెట్టుకుని, నా చెల్లెలి పిల్లలిద్దరినీ సాకుదామని మొగుణ్ణి ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అడగలేదు. మర్నాటి నుంచి మాత్రం తనకు వ్యాను కావాలంది.

ఈ రెండు సంగతులనూ ఇప్పుడు పక్కపక్కన పెట్టి చెప్తున్నాను కాబట్టి మీకు వెంటనే తెలిసిపోయింది. నాకు తట్టలేదు. ఆవిడ వ్యానన్న ప్రతిసారీ నేను మైలేజీ గురించి మాట్లాడాను.

“వ్యానైతే అందరం పడ్తాం” అనేది ఆవిడ.

“అందరమంటే ఎవరు? నువ్వు, నేను, అమ్మ, పాప, పుట్టబోయేది. ఎస్‌యూవీలో ఐదు సీట్లుండాయి, సరిపాయ గదా” అనేవాణ్ణి నేను. లెక్కలు చెప్పేవాణ్ణి కదా.

“మరి మా చెల్లెలి కూతురు?”

“చిన్నపిల్ల, యాడో ఒకచోట ఇరికిస్తాం.”

ఆవిడ ఇంకేదో అనబోయి, స్టవ్వు మీద పాలు పొంగకపోయినా పొంగుతున్నాయని లేచి పోయేది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన మా అమ్మ ఎవరి పక్షమూ కాదు. “వ్యాను తలుపు పక్కకు జరిగే సప్పుడింటే నాకు స్ట్రెచర్ దించుతాండట్టే ఉంటాదిరా. ఏదన్నా కొను. ముందు సీటు మాత్రం నాది” అని తన వాటా ముందే రాయించుకుంది.

ప్రొద్దుటూరులో పాత బండ్లు అమ్మించే భాయ్ ఒకడుండేవాడు. ఏ బండి గురించి అడిగినా ముందు దాని క్లచ్‌ను పొగిడేవాడు కాబట్టి అందరూ క్లచ్ భాయ్ అనేవాళ్లు. ఆయన దగ్గర అప్పుడు మేం వెతుకుతున్నవి రెండూ ఉన్నాయి. ఒకటి తెల్ల ఎస్‌యూవీ, ఎండలో నిలబెడితే కళ్లు చెదిరేట్టు తుడిచి పెట్టాడు. ఇంకోటి వ్యాను, బెల్లం రంగుది, పక్కకు జరిగే తలుపుతో, ఏ వైపు చూసినా బిస్కెట్ డబ్బా లాగా ఉంది. “రెండూ క్లచ్ ఫస్ట్ క్లాస్ సార్. దీంట్లో పోతే ఇజ్జత్. దాంట్లో పోతే ఇల్లు మొత్తం పోవచ్చు. ఇజ్జత్ కావల్నా, ఇల్లు కావల్నా, మీరే చెప్పండి” అన్నాడు. నేను ఇజ్జత్ వైపు చూశాను, మా ఆవిడ ఇంటి వైపు చూసింది. భాయ్ మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వి, రెండూ ఒక్కో రోజు తోలి చూడమన్నాడు. పంతుళ్లు బండి తీసుకుని పారిపోరని ఆయన నమ్మకం. (ధైర్యం చాలదని కూడా తెలుసేమో.)

ముందు వ్యాను తీసుకుని జమ్మలమడుగు దారి పట్టాం. ఊరు దాటి మైలు కూడా పోకముందే రోడ్డు పక్కన ఒక అవ్వ చెయ్యెత్తింది. ఏదో అడ్రస్ అడుగుతుందేమోనని ఆపాను. ఆమె నన్నేమీ అడగలేదు. తలుపు బర్రున జరిపి, వంకాయల గంప లోపలికి తోసి, తను ఎక్కి, “పోనీ నాయనా” అంది. ఆ వెనకాలే ఇద్దరు మనుషులు ఎక్కారు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ “ఎండలో నిలబడుండారు, పోనీండి పాపం” అని వాళ్లకు చోటిచ్చి, గంప ఒళ్లో పెట్టుకుని వంకాయల ధర అడగడం మొదలుపెట్టింది. అంత సంతోషంగా ఆవిడను చూసి చాలా రోజులైంది. దారి పొడుగునా ఎవరో చెయ్యెత్తడం, నేను ఆపకుండా పోతే లోపలున్న వాళ్లే “ఆపప్పా, చోటుండాది గదా” అని నన్ను కసురుకోవడం. అవ్వ దిగుతూ నా చొక్కా జేబులో పది రూపాయలు కుక్కింది. వద్దన్నా వినలేదు. “డీజిల్‌కు నీకు మాత్రం ఊరికే వస్తాయా” అంది.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఎక్కిన ఇద్దరిలో ఒకాయన మా బళ్లో చదివే పిల్లవాడి తండ్రట. మర్నాడు హెడ్మాస్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి, “ఏమప్పా, సాయంత్రంపూట వ్యాను తోల్తాండావంట. ఇంట్లో ఏమన్నా ఇబ్బందిగా ఉండాదా? చెప్పు, మొహమాటపడొద్దు” అంది. ఆమె మంచి మనిషి. నాకు మాత్రం నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. వ్యాను సంగతి నా మనసులో ఆ వరండాలోనే ముగిసిపోయింది.

ఆదివారం ఆరాధన కాగానే ఎస్‌యూవీలో అందరం లింగాలకు బయల్దేరాం. ముద్దనూరు క్రాసులో టీ తాగుతున్న ఒక పెద్దమనిషి మా బండిని చూసి గ్లాసు చేత్తో పట్టుకునే లేచాడు. పూర్తిగా లేచాడు. నేను అద్దం దించి, ఓట్లడిగే వాడిలాగా చెయ్యెత్తాను.

“ఎవరాయన?” అంది మా ఆవిడ వెనక నుంచి.

“తెలీదు.”

“మరి చెయ్యెందుకెత్తినారు?”

“ఆయన లేచినాడు గదా.”

పులివెందులకు వచ్చేసరికి నా మెడ నాకే కొంచెం పొడుగైనట్టనిపించింది. పిల్లలకు బిస్కెట్లు కొందామని ఒక బేకరీ ముందు ఆపబోతే ఒక కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి అడ్డంగా ఉన్న ఆటోలను జరిపించి చోటు చేశాడు. బేకరీ ముందున్న నలుగురూ ఎవరు దిగుతారా అని చూస్తున్నారు. ముందు తలుపు తెరుచుకుంది. అందులోంచి మొదట ఒక పీట దిగింది. ఎత్తు బండి కదా, మోకాళ్ల నొప్పుల మా అమ్మకూ, నిండు మనిషైన మా ఆవిడకూ ఎక్కనూ దిగనూ అదే ఆధారం, ఇంటి నుంచి తెచ్చుకున్నాం. నేను పరిగెత్తిపోయి పీట వేశాను. తర్వాత గాలిలో నేలను వెతుకుతూ అమ్మ కాలు ఒకటి కనిపించింది. “ఒరే, నేల యాడుండాదిరా?” అంది లోపల నుంచి. కానిస్టేబులే వచ్చి చెయ్యి పట్టుకుని దించి, మర్యాదగా, “ఎవరి తాలూకమ్మా?” అని అడిగాడు. “ఆసుపత్రి ఆయమ్మను నాయనా, జమ్మలమడుగు. మోకాళ్లు శానా నొప్పి” అంది అమ్మ. అతను నన్నొకసారి, పీటనొకసారి చూసి, ఆటోలను మళ్లీ ఎక్కడివక్కడ నిలబెట్టించాడు.

లింగాలలో మా మామ మాత్రం నా పరువు నిలబెట్టాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, “ఇదీ బండంటే. ఇంక మా అల్లుడొచ్చినాడంటే ఊరికి తెలుస్తాది” అన్నాడు. కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, ఊళ్లో ఒక చుట్టు తిప్పుకురమ్మని ముందు సీట్లో కూర్చున్నాడు. అమ్మ మళ్లీ ఎక్కే ఓపిక లేదని వాకిట్లో మంచం మీద వాలింది. వెనక మా ఆవిడ, మా పాప, మరదలి కూతురు ఎక్కారు. పిల్లోడు కింద మిగిలాడు. అక్క చెయ్యి మాత్రం వదల్లేదు.

“వాణ్ణి వెనక డిక్కీలో చీనీకాయల బస్తా పక్కన పెట్టప్పా. వాడు ఎట్లా పోయేవాడే గదా” అన్నాడు మామ, తాడిపత్రి మాట మనసులో పెట్టుకుని.

నేను వాణ్ణి ఎత్తుకోబోయాను. ఆ పిల్ల అంతకంటే ముందే వాణ్ణి లోపలికి లాగి తొడమీద కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ వాడి పొట్ట చుట్టూ వేసింది.

“పెద్దనాయనా, తమ్మునికి సీటొద్దు. నా తొడమీద కూర్చుంటాడు.”

“వాడు పెద్దోడైతేనో?” అన్నాను నవ్వుతూ, తాళం తిప్పబోతూ.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. “పెద్దోడైనా కూర్చుంటాడు. అన్నం గూడా నా ప్లేట్లోనే తింటాడు. బడికి నేనే తోల్కపోతా. వాడు శానా తక్కువ తింటాడు పెద్దనాయనా.”

నా చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. ఆ పిల్ల అడుగుతున్నది మా ఇంట్లో చోటు. పెద్దవాళ్ల మాటలన్నీ ఏ గుమ్మం పక్కనో నిలబడి విని, తమ్ముడు తనతోపాటు ఉండాలంటే వాడు ఎంత తక్కువ చోటు పట్టాలో తనలో తాను లెక్క వేసుకుంది. నాకు సిగ్గు వేసింది. అద్దంలో చూస్తే మా ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుని ఉంది.

“నువ్వు వ్యాను వ్యాను అన్నది దీనికా?” అన్నాను.

“అవును.”

“మరి చెప్పలేదే?”

“చెప్పబోతే మీరు మైలేజీ అన్నారు గదా” అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా ఉంది ఆ గొంతు.

“వ్యానే తీసుకుందాం. వాడు తాడిపత్రికి పోయే పన్లే” అన్నాను. పెద్ద త్యాగమేదో చేస్తున్నట్టు కొంచెం గట్టిగానే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. అక్కా తమ్ముళ్లు బిస్కెట్ పొట్లం విప్పుకునే పనిలో ఉన్నారు.

మామ బండి దిగి బానెట్ దగ్గర నిలబడ్డాడు. ఊళ్లో చుట్టు తిరగడం ఇక లేదని ఆయనకు తెలిసిపోయింది. “అయితే లింగాలకు వ్యానులో వస్తావా అల్లుడా?” అన్నాడు. వస్తాను మామా అన్నాను. తువ్వాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు, కళ్లు కొంచెం ఎక్కువసేపు తుడుచుకున్నాడు. మనవణ్ణి పంపడం ఆయనకూ మింగుడుపడని పనేనని అప్పుడు అర్థమైంది. “సరే, తెల్లదన్నా తీసుకో” అన్నాడు. మంచం మీద నుంచి అమ్మ, “ఇంకొక ప్లేటు పెడితే సరిపాయ. ముందు సీటు నాదే గదా?” అంది.

బెల్లం రంగు వ్యానుకు తెల్ల రంగు వేయించి ఇచ్చాడు క్లచ్ భాయ్. బడులు తెరిచే ముందు వారం లింగాలకు పోయి పిల్లలిద్దరినీ వాళ్ల ట్రంకు పెట్టెతో సహా తెచ్చుకున్నాం. ఆ సాయంత్రం మరదలు కువైట్ నుంచి వీడియో కాల్ చేసింది. పిల్లలు ఫోను లాక్కుని వ్యాను లోపలంతా తిప్పి చూపించారు. ఎన్ని సీట్లు బావా అని అడిగింది. ఎనిమిదన్నాను. ఆమె ఎనిమిది వేళ్లు చాపి ఒక్కొక్కటే మడుస్తూ లెక్కపెట్టుకుంది. “ముందర అత్త. తోలేది నువ్వు. అక్క, పాప, రేపు పుట్టేది. నా పిల్లలిద్దరు.” ఒక వేలు మిగిలింది. దాని వంక చూసుకుని, “అయితే నాకొకటుండాది” అంది.

నేను గబుక్కున, “మరి నీ మొగుడు యాడ కూర్చుంటాడు?” అన్నాను.

“ఆయన డ్రైవరు గదా బావా, ఆయన తోల్తాడు. నువ్వు పోయి వెనక సంచుల్లో కూర్చో.”

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వి, నెట్టు సరిగ్గా లేదని ఫోను పక్కకు తిప్పుకుంది. నెట్టు బాగానే ఉంది.

రెండేళ్లకోసారి వాళ్లిద్దరూ సెలవుకు వస్తారు. వచ్చిన మర్నాడే తోడల్లుడు తాళం తీసుకుంటాడు, మరదలు పిల్లల మధ్య కూర్చుంటుంది, నేను ఆమె చెప్పిన చోటికే పోయి సంచుల మధ్య మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని సర్దుకుంటాను. అక్కడి నుంచి రోడ్డు కనపడదు, టీ బంకులూ కనపడవు, ఎవరైనా లేచారో లేదో తెలీదు. ముందున్న తలకాయలు మాత్రం కనపడతాయి. ముద్దనూరు దాటేలోపు వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటాను. అన్నీ ఉంటాయి.