మోకాళ్ల మాస్టారు

మా వైపు ఆ రోజుల్లో రాయి అంటే ఎక్కడి నుంచో తెచ్చుకోవలసిన వస్తువు. బందరులో గాని, దివిసీమలో గాని ఎక్కడ తవ్వినా మట్టి, ఇంకా తవ్వితే ఇసుక, ఆ కింద ఉప్పునీళ్లు. మా ఇంటి రుబ్బురోలు పడవలో వచ్చింది. బట్టలుతికే బండ అమ్మ కాపురానికి రాకముందే బెజవాడ నుంచి బండి మీద వచ్చిందట. దాన్ని మావాళ్లు ఆస్తిలాగే చూసుకునేవాళ్లు. అలాంటి చోట పుట్టినవాడికి కొండరాళ్లు ఎక్కే పిచ్చి ఎలా పట్టిందని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. లేనిదాని మీదికే మనసు పోతుందంటారు గాని, మాకు లేనివి ఇంకా చాలా ఉండేవి. వాటి మీదికి పోలేదు.

బందరులో ఒక మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరాను. ఏడాది తాత్కాలికం. ఏడాది చివర కమిటీ సరేనంటే పర్మనెంటు, లేకపోతే బడివాళ్లిచ్చిన రెండు గదుల ఇల్లు ఖాళీ చేసి, నాన్నను తీసుకుని దివిసీమ తిరిగి వెళ్లడం. ఆ బడి లైబ్రరీలో, వెనకటి దొరగారెవరో స్వదేశం వెళ్తూ వదిలేసిన పుస్తకాల మధ్య, రాళ్లెక్కే విద్య గురించి ఒకటి దొరికింది. వేళ్లు ఎక్కడ పెట్టాలో, తాడు ఎలా ముడి వెయ్యాలో బొమ్మలతో సహా ఉంది. మూడు నెలల్లో దాన్ని నాలుగుసార్లు చదివాను. ఎక్కడానికి ఏమీ లేక కిటికీ చట్రం పట్టుకుని వేలాడుతుంటే పక్కింటావిడ చూసి, "మాస్టారూ, తాళంచెవి పారేసుకున్నారా అండీ?" అంది. (తలుపు బార్లా తీసే ఉంది.)

ఇక లాభం లేదని, శనివారం ఒంటిపూట బడి కాగానే గుడివాడ మీదుగా వెళ్లే ప్యాసింజరు ఎక్కడం మొదలుపెట్టాను. రేవులో కొన్న పడవ తాడు పక్కచుట్టలో దాచి తీసుకెళ్లేవాణ్ణి. బెజవాడలో స్నేహితుడి గదిలో పడుకుని, ఆదివారం పొద్దున్నే గుణదల కొండ వెనక్కి చేరేవాణ్ణి. ముందువైపు మేరీమాత గుడి, మెట్లు, భక్తులు. వెనక వైపు నేనూ, మేకలూ. సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. సోమవారం మొదటి పీరియడ్ ఆల్జీబ్రా. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేను చెప్పినంత బాగా లెక్కలు మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. రాయి మీద వేలెడు పట్టు దొరికినవాడికి బోర్డు మీద ఏ లెక్కా కష్టంగా కనిపించదు.

చిక్కల్లా ఇద్దరితో వచ్చింది. మొదటిది నాన్న. ఆయన రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, నా దగ్గరే ఉండేవారు. బెజవాడలో స్నేహితుడితో కలిసి ఎం.ఏ.కి చదువుతున్నానని ఆయనకు చెప్పాను. (చదివాను కూడా, రైల్లో.) నిజం చెప్పకపోవడానికి కారణం మా తాత. తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నాన్న మిషన్ బడిలో చదువుకుని అదే ఊరికి మాస్టారయ్యారు. ఇంట్లో తాత పేరు వినపడేది గాని ఆయన పని పేరు వినపడేది కాదు. చిన్నప్పుడు నేను జామచెట్టు ఎక్కినా నాన్న బెత్తం తీసేవారు. "మా నాయన చెట్టు దిగడానికి ఒక తరం పట్టిందిరా. నువ్వు మళ్లీ ఎక్కకు" అనేవారు.

రెండో చిక్కు చర్చి పెద్దల్లో ఒకాయన. ప్రసంగం ఎంతసేపు నడిచిందో జేబు గడియారంలో చూసి అందరికీ చెప్పడం ఆయన అలవాటు. అందుకని మేము ఆయన్ని గడియారం మావయ్య అనేవాళ్లం. ఆదివారం ఆరాధనలో నేను లేకపోవడం ఆయన మొదటి వారమే గమనించారు. ఆ పైన సోమవారం బళ్లో ప్రార్థనకు అందరూ మోకరిస్తే నేను నిలబడి ఉండేవాణ్ణి. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయి ఉంటే ఎలా వంచను? పిల్లలు నాకు మోకాళ్ల మాస్టారని పేరు పెట్టేశారు. గడియారం మావయ్య ఆ పేరు విని ఆలోచనలో పడ్డారు. ఆయన కూతురి కాపురం గుణదలలో అని నాకు తెలియదు.

ఒక శనివారం బడి అయ్యాక నన్ను చర్చి పక్క గదికి పిలిచారు. బడికి కరస్పాండెంటూ, చర్చికి అయ్యగారూ ఒక్కరే. ఆయన మధ్య కుర్చీలో ఉన్నారు. నలుగురు పెద్దలు. ఓ మూల కుర్చీలో, ఇస్త్రీ పంచెలో, మా నాన్న.

"నేను కళ్లారా చూశానండీ," అన్నారు గడియారం మావయ్య. "గుణదల కొండ మీద మోకాళ్ల మీద పాకుతున్నాడు. మొక్కుబడి! మన దగ్గర మోకరించడుగానీ అక్కడ మాత్రం చర్మం ఊడేదాకా పాకుతాడు. అబ్బాయి కేథలిక్కుల్లో కలిసిపోయాడండీ."

"ఎక్కడ చూశారు?" అన్నారు అయ్యగారు.

"కొండ వెనకాలండీ."

"వెనకాల మాత గుడి లేదు కదండీ."

"అదే చెప్తున్నా! మెట్లుండగా వెనక నుంచి పాక్కుంటూ ఎక్కుతున్నాడంటే ఎంత ముదిరిందో మీరే చూడండి."

పెద్దలు తలలూపారు. మాది ప్రొటెస్టెంటు బడి, కేథలిక్కుల్లో కలిస్తే మతం మారినట్టే, అలాంటివాణ్ణి పర్మనెంటు చెయ్యరు. నిజం చెబితే ఉద్యోగం దక్కుతుంది, నాన్న ముందు పరువు పోతుంది. నాన్న వైపు చూడకుండా, "నేను రాళ్లెక్కుతున్నానండీ" అన్నాను.

"ఎందుకు?" అన్నారు అయ్యగారు.

"ఊరికేనండీ."

"పైన ఏముంటుంది?"

"ఏమీ ఉండదండీ."

"మరి ఏం చేస్తావు?"

"దిగొచ్చేస్తానండీ."

నేను మతం మారానంటే నమ్మినవాళ్లు ఇది నమ్మలేకపోయారు. "చూశారా, అబద్ధం కూడా అతకట్లేదు," అన్నారు గడియారం మావయ్య. నాన్న నేల చూస్తున్నారు. చివరికి అయ్యగారు కిటికీలోంచి గంట గోపురం వైపు చూశారు. వెనకటి గాలివానకు గంట తాడు తెగింది. లోపలి చెక్క నిచ్చెనను చెదలు తినేసింది. ఏడాదిగా వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి కొడుతున్నారు. "ఎక్కగలవాడివైతే అది ఎక్కి తాడు కట్టి రా. అప్పుడు నమ్ముతాను" అన్నారు.

వినయంగా ఉండవలసిన చోట కూడా చెప్పక తప్పదు, అంత తేలికగా ఎక్కే చోటు నాకు గుణదలలో ఒక్కటీ దొరకలేదు. ఉప్పుగాలికి గోపురం సున్నం రాలిపోయి, ఇటుకల మధ్య వేళ్లు దూరే సందులున్నాయి. ప్రయాణానికి కట్టిన పక్కచుట్టలోంచి పడవ తాడు తీసి భుజాన వేసుకుని, కింద పెద్దలు మెడలు సాచి చూస్తుంటే, పదినిమిషాల్లో గంట దగ్గరకు చేరాను. నా తాడే గంటకు కట్టి, మిగిలింది కోసేసి, గోపురం లోపలికి వదిలాను. కిందివాళ్లు లాగారు. ఏడాది తర్వాత గంట మోగింది. బందరులో సగం వీధులు వినుంటాయి. గడియారం మావయ్య టోపీ తీశారు.

అప్పుడు దిగబోయి చూశాను. నేను పట్టుకుని ఎక్కిన ఇటుకల్లో కొన్ని నాతో పాటు పైదాకా రాలేదు, కింద పడి ఉన్నాయి. దిగడానికి తాడు కావాలి. ఆ తాడు గంటకు వేలాడుతోంది. అది పట్టుకుని దిగుదామంటే తుప్పుపట్టిన కొక్కెం నన్ను మోస్తుందన్న నమ్మకం లేదు. చేతిలో మిగిలింది రెండు బారల ముక్క. దొరగారి పుస్తకంలో దీనికి బొమ్మ లేదు.

"ఏం అబ్బాయ్, దిగొచ్చేస్తానన్నావుగా?" అని కింద నుంచి కేక. గడియారం మావయ్యే.

అప్పుడు ఇంకో గొంతు వినపడింది. ముప్పై ఏళ్లు ఎక్కాలు చెప్పిన గొంతు. "ఒరేయ్, గోడ వదిలెయ్. పక్కన తాటిచెట్టుంది చూడు."

ఉంది. గోపురానికి ఆనుకునే ఉంది. గాలికి దాని మట్టలు గోడకు రాసుకునే చప్పుడు ప్రసంగం మధ్య మాకు ఎప్పుడూ వినపడేదే.

"తాడు చెట్టు చుట్టూ తిప్పి నడుముకు కట్టు. బిగించకు, మూరెడు వదులుండాలి. ఊఁ. ఇప్పుడు వెనక్కి వాలు. భయపడకు, వాలితేనే పట్టు. కాళ్లు చెట్టుకు తన్ని ఉంచు. తాడు ఒక జానెడు కిందికి జార్చు. ఇప్పుడు కాలు. మళ్లీ తాడు. చెట్టుని వాటేసుకోకురా, ఛాతీ చీరుకుపోతుంది!"

నాన్న చెట్టు మొదట్లో నిలబడి, ఇస్త్రీ పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, రెండు చేతులతో గాలిలో తాడు జార్చి చూపిస్తున్నారు. పెద్దలందరూ నన్ను వదిలేసి ఆయన్నే చూస్తున్నారు. నేను నేల మీద కాలు పెట్టాక ఎవరో అడిగారు: "మాస్టారూ, మీకివన్నీ ఎలా తెలుసండీ?"

"మా నాయన పని," అన్నారు నాన్న. "పన్నెండో ఏడు దాకా నేనూ ఎక్కాను." బందరులో ఆయన ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు. పంచె కిందికి దించుకుని నావైపు చూసి, "మా నాయన నీకంటే మూడు రెట్లు త్వరగా దిగేవాడు" అన్నారు.

నన్ను పర్మనెంటు చేశారు. ఆదివారం చర్చికి, మిగతా సెలవులు రాళ్లకి అని అయ్యగారు పంచిపెట్టారు. గంట బాగోగులు కూడా నాకే అప్పగించారు. పాతికేళ్లు ఆ ఒప్పందం తప్పలేదు. నాన్న ఆ తర్వాత చెట్టు ఊసు ఎత్తలేదు, నా ప్రయాణాల ఊసూ ఎత్తలేదు. కాకపోతే సెలవులకు బయల్దేరేముందు నా తాడు తీసి, చివరలు పిగిలాయేమో చూసి ఇచ్చేవారు. ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే బైబిలు కింద చుట్టి పెట్టిన తాడు ఒకటి కనిపించింది. నాదేమో అనుకున్నాను. కాదు. చాలా పాతది, నడుము ఆనే చోట నున్నగా అరిగిపోయి ఉంది.

ఇప్పుడు నేను ఎక్కేది రెండు మెట్లు, చర్చివి. ప్రార్థనకు అందరూ మోకరిస్తే నేను నిలబడే ఉంటాను. మోకాళ్లు వంగవు, ఈసారి వయసు వల్ల. కొత్తగా వచ్చిన అయ్యగారు ఒకటి రెండుసార్లు నావైపు అనుమానంగా చూశారు. చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి. అందుకని నవ్వి ఊరుకున్నాను.