గిటారాయన కోసం ప్రార్థన

ఎనభైల్లో మా పర్చూరు చుట్టుపక్కల పల్లెల్లో కూలికి పోయే ఆడదానికి చదువొచ్చిందంటే, మేకకు ఈతొచ్చినట్టు వింతగా చూసేవాళ్ళు. నాకు ముప్ఫై రెండో ఏట వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మ (మా చర్చి అయ్యగారి కూతురు, గుంటూరులో చదువుకొచ్చిన పిల్ల) వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి పలకల మీద దిద్దించేది. బైబిలు సగం నాకు అక్షరాలు రాకముందే నోటికొచ్చు. అందుకని నేను చదువుతున్నానో, అప్పజెబుతున్నానో ఆ పిల్లకు అనుమానమొచ్చి, "ఇదయితే నీకు నోటికి రాదులే అక్కా, ఇది చదువు" అని ఒక పుస్తకం చేతిలో పెట్టింది. అట్టమీద గిటారు పట్టుకున్న ఒక బక్క మనిషి. అమెరికా పాటగాడి జీవితమట, ఎవరో పుణ్యాత్ముడు తెలుగులో రాశాడు.

ఆ పుస్తకం నాతోపాటు మిరపకల్లానికి వచ్చింది. పట్టాల మీద వరసగా కూర్చుని, ఎర్రకాయ ఒక పక్కకు, తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకు ఏరడం మా పని. "ఏందే నీలో నువ్వు గొణుక్కుంటున్నావు, మాకూ వినపడేట్టు చదువు" అంది మా వదిన. "నేను చదువుతుంటే నా కాయలు మీరేరతారా?" అన్నాను. "ఏరతాంలే, చదివి చావు." అట్లా నా వంతు కాయలు తలా కాసిని పంచుకుని వాళ్ళు ఏరారు, నేను చదివాను. పుస్తకం చదవడమంటే నాకు తెలిసింది చర్చిలో చదివే పద్ధతొక్కటే. కాబట్టి "పద్నాలుగో పేజీ, మూడో వరస" అని గట్టిగా ప్రకటించి మొదలుపెట్టేదాన్ని. ఆపినప్పుడు అందరూ ఆమేన్ అనేవాళ్ళు.

ఆ గిటారాయన మీద నాకెందుకు గురి కుదిరిందో చెప్పాలి. ఆయన ఊరూరా నడిచిపోయి, పత్తి తీసే కూలోళ్ళ పక్కన కూర్చుని పాటలు నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద సభల్లో పాడే ముందు, ఇది ఫలానా ఊళ్ళో ఫలానా ముసలామె నేర్పిన పాట అని పేరు పెట్టి చెప్పేవాడు. (మా చేలో మా పాటలు విని రాసుకుపోయినవాళ్ళు ఉన్నారు. మా పేరు ఎక్కడన్నా చెప్పారని నేను వినలేదు.) తర్వాత గిటారుకు కరెంటు తగిలించి, వెనక డ్రమ్ములు పెట్టించి అవే పాటలు పాడితే, పాత పాటల్ని పాడుచేశావని జనం అరిచి గోల చేశారు. ఆయన కదలకుండా నిలబడి ఆఖరి చరణం దాకా పాడే దిగాడు. అదీ మగతనమంటే.

మా వరసలో కోయిల పెద్దమ్మ ఉండేది. ఒకప్పుడు చర్చిలో పాటెత్తుకునేది ఆమే. ఏళ్ళ తరబడి మిరప ఘాటు మింగి మింగి గొంతు పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. పాటల వేళ పెదాలు కదిపి ఊరుకునేది.

"వాళ్ళకూ పత్తి చేలున్నాయా?" అంది బొంగురుగా.

"ఉన్నాయంట."

"పత్తి తీస్తా పాడతారా?"

"పాడతారనే రాశాడు."

"అయితే మనోడే."

ఒక శనివారం పొద్దుగూకేసరికి పుస్తకంలో ఆయనకు గొంతులో కాయ లేచింది, ఆపరేషన్ చేశారు, ఇక పాడలేవని డాక్టర్లు చెప్పేశారు. పేజీ అయిపోయింది, పనీ అయిపోయింది. ఆరోజు ఎవరూ ఆమేన్ అనలేదు. మర్నాడు చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళకు కోయిల పెద్దమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, అమెరికాలో ఒక తమ్ముడికి గొంతు పోయిందండి. ఆయనకిస్తే నాకూ ఇస్తాడేమో దేవుడు."

అయ్యగారు కళ్ళద్దాల మీదుగా చూశారు. "ఎవరి తాలూకమ్మా?"

"మన తాలూకేనండి. పత్తి పాటలోళ్ళు."

ఆయన ఇంకేం అడగలేదు. చీరాలలో కాలు విరిగిన మేస్త్రికీ, అమెరికా తమ్ముడికీ కలిపి గట్టిగా ప్రార్థన చేశారు. నేనే అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను. బయటికి రాగానే పెద్దమ్మ, ఆయనకు గొంతొచ్చిన కబురు తెలిసేదాకా పొద్దుటి ముద్ద ముట్టనంది.

ఆ మధ్యాహ్నమే వరండాలో టీచరమ్మ నవ్వాపుకోలేక అడిగింది. "అక్కా, ముందుమాట చదవలేదా? ఆయన పోయి పదేళ్ళు దాటింది."

"ఆ అక్షరాలు చీమల్లా ఉన్నాయండి, దాటేశాను" అన్నాను. చచ్చినవాళ్ళ కోసం ప్రార్థించడం మా చర్చిలో లేదు. సంఘం మొత్తం చేత ఆ పని చేయించాను. అయినా నన్ను గుచ్చింది అది కాదు, పెద్దమ్మ ముద్ద. "గొంతొచ్చాక పోయాడా, రాకముందే పోయాడా, అది చెప్పండి" అని బతిమాలాను. "చదువు, తెలుస్తుంది" అంది. చెబితే ఆమె సొమ్మేం పోయిందో.

రోజుకు మూడు పేజీలు చదివితే గొప్పయిన దాన్ని, ఆ సాయంత్రమూ, మర్నాడు తెల్లారాకా కలిపి పంతొమ్మిది పేజీలు వేలు పెట్టి లాగాను. పొయ్యిమీద అన్నం మాడింది. మా ఆయన గిన్నె తెచ్చి ముందు పెట్టి, "ఇది కూడా చదువు" అన్నాడు.

మాట దాచుకోవడం నాకు చేతకాదు. కల్లంలో కూర్చోగానే చెప్పేశాను. "పెద్దమ్మా, ఆయన చచ్చిపోయాడు. నిన్న మొన్న కాదు, పదేళ్ళ నాడు. నేను మొదటి పేజీ ఎగ్గొట్టి నిన్ను పస్తు పెట్టాను."

"నీ చదువు తగలెయ్య, చచ్చినోడికి ప్రార్థన చేయించావు గదే" అంది వదిన.

పెద్దమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉంది. "పాడాడా?" అంది.

పుస్తకం తీశాను. ఈసారి పేజీ, వరస చెప్పలేదు. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, ఆయన మళ్ళీ సభకెక్కాడు. పాత గొంతు రాలేదు. గరగరమనేదే వచ్చింది. మైకు దగ్గరికొచ్చి, "నాకు మిగిలింది ఇదే, దీంతోనే పాడతాను, ఇష్టంలేనివాళ్ళు లేచి వెళ్ళొచ్చు" అన్నాడు. ఎవరూ లేవలేదు.

"అయితే మనం అడక్కముందే దేవుడు ఇచ్చేశాడన్నమాట" అంది పెద్దమ్మ. కాసేపు కాయలేరి, వదిన వైపు తిరిగి, "నీ గిన్నెలో ఏమన్నా మిగిలిందా?" అంది.

నేను అయ్యగారి దగ్గర తప్పొప్పుకుంటే, ఊరూ పేరూ అడక్కుండా ప్రార్థించిన తప్పు నాదేనమ్మా అని ఊరుకున్నారు. తర్వాతి ఆదివారం పాటల వేళ పెద్దమ్మ అందరికంటే ముందు ఎత్తుకుంది. రేకు మీద ఇసక పోసినట్టుంది ఆ గొంతు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ పాటాపి, "ఇష్టంలేనోళ్ళు లేచి పొండి" అంది. అయ్యగారితో సహా అందరం కదలకుండా కూర్చున్నాం. ఆమె ఆఖరి చరణం దాకా పాడింది.

ఇప్పుడు పుస్తకమేదైనా రెండు రోజుల్లో ముగిస్తాను. నెల తిరిగేసరికి అందులో ఎవరు బతికారో, ఎవరు పోయారో గుర్తుండదు. సముద్రాలవతల ఎవరో ఒకాయన పాడాడో లేదో తేల్చుకోవడానికి చెమటలు కక్కుతూ వరస కింద వరస వేలు జరిపిన ఆ ముప్ఫై రెండేళ్ళ మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం కుళ్ళూ పుడుతుంది.